గేర్ బాక్స్ దించడం – వరుస తప్పితే ఏమవుతుంది?



పోయిన నెల మన గోడపత్రికలో తొమ్మిదో తరగతి తమ్ముడు ఇప్పపువ్వు ఏరడం గురించి రాశాడు. అందరం నిలబడి చదివాం. నన్ను కూడా ఏదైనా రాయమని సార్ అడిగితే నాకేం తెలుసని భయపడ్డాను. తర్వాత గుర్తొచ్చింది. వేసవి సెలవుల్లో భద్రాచలంలో మా మేనమామ షెడ్డులో ఒక మారుతి 800 కారుకు గేర్ బాక్స్ దించారు. మొదటి నుంచి చివరి దాకా నేను పక్కనే ఉన్నాను. ఒక తప్పు కూడా చేశాను. ఆ పాఠమే మీకు రాస్తున్నాను.

అసలు గేర్ బాక్స్ ఎందుకు?

సైకిల్ మీద బియ్యం మూట పెట్టుకొని ఎత్తు ఎక్కినప్పుడు మన కాళ్ళు ఎంత గుంజుతాయో అందరికీ ఎరుకే. బండి కూడా అంతే. ఆగి ఉన్న బండి కదలాలంటే, ఘాట్ ఎక్కాలంటే చక్రానికి బలం ఎక్కువ కావాలి. చదును రోడ్డు మీద వేగం కావాలి. ఇంజను ఒక్కటే ఈ రెండూ ఇవ్వలేదు. మధ్యలో పళ్ళ చక్రాలు కావాలి.

ఉదాహరణకు 12 పళ్ళ చక్రం 36 పళ్ళ చక్రాన్ని తిప్పుతుందనుకోండి. చిన్నది 3 సార్లు తిరిగితే పెద్దది ఒక్కసారి తిరుగుతుంది. వేగం మూడో వంతు అయింది. తిప్పే బలం మాత్రం, రాపిడిలో పోయేది పక్కన పెడితే, మూడింతలు అయింది. ఫస్టు గేరులో జరిగేది ఇదే. ఒకటి పోగొట్టుకుంటేనే ఇంకొకటి వస్తుంది, ఊరికే ఏదీ రాదు.

గేరు మార్చేటప్పుడు ఇంజనునూ గేర్ బాక్సునూ కాసేపు విడదీసేది క్లచ్. ఫ్లైవీలుకూ ప్రెషర్ ప్లేటుకూ నడుమ క్లచ్ ప్లేటు నలిగి పట్టుకొని ఉంటుంది. పెడల్ తొక్కితే ఆ పట్టు వదులుతుంది.

బొలెరోకూ మారుతికీ తేడా

మన ఊళ్ళకు తిరిగే బొలెరో, పల్లెవెలుగు బస్సు కింద వంగి చూడండి. ఇంజను ముందు, తిప్పే చక్రాలు వెనక. నడుమ పొడుగాటి షాఫ్టు గిర్రున తిరుగుతుంది. మారుతి 800 కింద ఆ షాఫ్టు ఉండదు. దాంట్లో ఇంజనును అడ్డంగా పెట్టారు. దాని పక్కనే గేర్ బాక్స్, ఆ డబ్బాలోనే డిఫరెన్షియల్. అక్కడి నుంచి రెండు యాక్సిళ్ళు కుడి ఎడమ ముందు చక్రాలకు పోతాయి. అంటే ముందు చక్రాలే బండిని లాగుతాయి, ఎడ్లు బండిని లాగినట్టు.

ఈ పద్ధతి వెనక కథ ఉంది. 1959లో బ్రిటన్‌లో అలెక్ ఇసిగోనిస్ తయారు చేసిన మినీ కారులో ఇంజనును అడ్డంగా పెట్టి, గేర్ బాక్సును దాని కిందనే ఇమిడ్చారు. 1964లో ఇటలీలో దాంతే జకోజా రూపొందించిన ఆటోబియాంకి ప్రిములాలో గేర్ బాక్సును ఇంజను కొసన పక్కకు పెట్టారు. ఇప్పుడు ఎక్కువ చిన్న కార్లది ఈ రెండో పద్ధతే. మన దేశంలో అంబాసిడర్, పద్మిని వెనక చక్రాలతో నడిచే బండ్లు. 1983 డిసెంబర్ 14న మొదటి మారుతి 800 తాళాలు ప్రధాని ఇందిరా గాంధీ చేతుల మీదుగా హర్‌పాల్ సింగ్‌కు అందాయి. దాని ఇంజను 796 సీసీ, 3 సిలిండర్లు. 2014 జనవరిలో తయారీ ఆపేశారు. అయినా పాత బండ్లు మన వైపు ఇంకా తిరుగుతున్నాయి.

ఆ కారు ఎందుకు వచ్చింది?

దుమ్ముగూడెం వైపు నుంచి ఒక రిటైర్డు లెక్కల పంతులు గారు తెచ్చారు. ఆక్సిలరేటర్ తొక్కితే ఇంజను అరుస్తోంది గానీ బండి కదలట్లేదు, కాలిన వాసన వస్తోంది అన్నారు. మామ హ్యాండ్ బ్రేకు వేసి, పై గేరు పెట్టి, క్లచ్ మెల్లగా వదిలాడు. క్లచ్ మంచిగుంటే ఇంజను ఆగిపోవాలి. ఆగలేదు. "ప్లేటు అయిపోయింది సార్. గేర్ బాక్స్ దించాలె" అన్నాడు. మర్నాడు పొద్దున్నే వాళ్ళావిడను కంటి ఆపరేషన్‌కు ఖమ్మం తీసుకుపోవాలట. "రాత్రికల్లా ఇచ్చేస్తా" అని మామ మాటిచ్చాడు.

పని వరుస

1. బండిని చదును నేల మీద పెట్టాలి. హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు ముందూ వెనకా చెక్కలు పెట్టాలి.

2. బ్యాటరీకి నెగెటివ్ వైరు ముందు తీయాలి. పాజిటివ్ ముందు తీస్తే పానా బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి.

3. పైనుంచి క్లచ్ కేబులు, స్పీడో మీటర్ కేబులు, రివర్స్ లైటు వైరు, ఎర్తు వైరు విప్పాలి. స్టార్టర్ మోటారు బోల్టులు తీసి దాన్ని పక్కకు కట్టాలి.

4. ముందు చక్రాల నట్లు బండి నేల మీద ఉన్నప్పుడే వదులు చేయాలి. గాల్లో చక్రం తిరుగుతుంటే నట్టు రాదు. తర్వాత జాకీతో లేపి, కింద గట్టి దిమ్మెలు పెట్టి, చక్రాలు తీయాలి.

5. గేర్ ఆయిల్ దించాలి, సుమారు 2 లీటర్లు ఉంటుంది. కింది ప్లగ్గు విప్పే ముందు పోసే ప్లగ్గు వస్తుందో లేదో చూడాలి. అది పట్టుకుపోయి ఉంటే మళ్ళీ ఆయిల్ పోసేదెట్ల? తీసిన ఆయిల్ డబ్బాలో పట్టి, పాత ఆయిల్ కొనేవాళ్ళకు ఇయ్యాలి. వాగులో పోయకూడదు, ఆ నీళ్ళే పశువులు తాగుతాయి.

6. బండి కింద గేరు రాడ్లు విప్పాలి.

7. చక్రం దగ్గర కింది ఆర్మ్ బాల్ జాయింటు వదిలించి, హబ్బును బయటికి గుంజాలి. గేర్ బాక్స్ దగ్గర యాక్సిల్ కొసను రాడ్డుతో మెల్లగా ఎత్తితే టప్పుమని ఊడుతుంది. లోపల చిన్న రింగు దాన్ని పట్టి ఉంచుతుంది. ఊడిన యాక్సిల్‌ను వేలాడనియ్యకుండా తీగతో కట్టాలి. వేలాడితే జాయింటు మీది రబ్బరు చిరుగుతుంది. ఆ చిరుగులోంచి గ్రీజు పోయి, దుమ్ము చేరి, కొన్నాళ్ళకు మలుపులో కటకటమని చప్పుడు మొదలవుతుంది.

8. ఇంజనుకు ఆధారం ఇయ్యాలి. గేర్ బాక్స్ మౌంటింగు తీస్తే ఇంజను ఒక పక్కకు ఒరుగుతుంది. మామ పైన దూలానికి చైన్ పుల్లీ కట్టి ఇంజనును పట్టి ఉంచాడు. గేర్ బాక్స్ కింద చెక్క పెట్టి ఇంకో జాకీ ఆనించాడు.

9. మౌంటింగు బోల్టులు, తర్వాత ఇంజనుకూ గేర్ బాక్సుకూ నడుమ బోల్టులు తీయాలి. పైది ఒకటి చివరికి ఉంచుకోవాలి.

10. ఆ ఒక్కటీ తీసి, గేర్ బాక్సును పక్కకు తిన్నగా జరపాలి. ముందు షాఫ్టు క్లచ్ ప్లేటులోంచి పూర్తిగా బయటికి వచ్చేదాకా కిందికి వంచకూడదు. బరువంతా ఆ షాఫ్టు మీద వేలాడితే ప్లేటు వంగుతుంది.

దిమ్మెల సంగతి

నాలుగో పనిలో మామ పాత రైలు పట్టాల కింది చెక్క దిమ్మెలు నాలుగు మోసుకొచ్చి బండి రెండు పక్కలా పేర్చాడు. అరగంట పట్టింది. జాకీ లేపి ఉంది గదా, మళ్ళీ ఇవెందుకు అని నాకు విసుగొచ్చింది. పంతులు గారు గడియారం చూసుకుంటున్నారు.

ముందు రాత్రి గాలివాన పడి షెడ్డు నేల మెత్తగా ఉంది. మామ ఛాతీ దాకా బండి కింద ఉండి, గట్టిగా పట్టుకున్న బోల్టును పొడుగు రాడ్డుతో గుంజుతున్నాడు. బండి ఒక్కసారి ఊగింది. జాకీ నేలలో దిగబడి పక్కకు ఒరిగింది. బండి ధన్‌మని రెండు వేళ్ళంత కిందికి వచ్చి దిమ్మెల మీద కూర్చుంది. నేను "మామా!" అని అరిచాను.

మామ మెల్లగా బయటికి జరిగి, చేతులు తుడుచుకొని, బండిని కాదు దిమ్మెలను చూశాడు. "దిమ్మెకూ బండికీ మధ్య సందు ఉంచిన. నాదే తప్పు. ఆనించి పెట్టాలె" అన్నాడు. కొత్తగా దిమ్మెలు సర్ది, బండి బరువు వాటి మీదికి దించిన తర్వాతే మళ్ళీ కిందికి పోయాడు. నన్నైతే ఆ రోజంతా బండి కిందికి రానియ్యలేదు.

మారుతి 800 బరువు సుమారు 650 కిలోలు. మనం చదివిన పాస్కల్ నియమంతోనే హైడ్రాలిక్ జాకీ పని చేస్తుంది. చిన్న పిస్టన్ మీది ఒత్తిడి నూనె ద్వారా పెద్ద పిస్టన్‌కు చేరి బరువును లేపుతుంది. కానీ లోపల రబ్బరు సీలు కారితే ఆ నూనె జారిపోతుంది, బండి దిగిపోతుంది. కింద నేల మెత్తనైతే సీలు మంచిదైనా ఒరుగుతుంది. జాకీ ఉన్నది లేపడానికే, మోయడానికి కాదు. మోయడానికి ఇనుప స్టాండ్లు గానీ గట్టి చెక్క దిమ్మెలు గానీ కావాలి. ఇటుకలు పెట్టకూడదు, అవి ఒక్కసారిగా పగులుతాయి.

నా తప్పు

గేర్ బాక్స్ దిగింది. క్లచ్ ప్లేటు చూస్తే రివెట్లు తేలి ఉన్నాయి. మామ ఆ దుమ్మును నోటితో ఊదలేదు, తడి గుడ్డతో తుడిచాడు. పాత ప్లేట్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తులకు చెడుపు. కొత్త ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు వేశాడు. ఒక పాత గేర్ షాఫ్టును లోపలికి గుచ్చి ప్లేటును సరిగ్గా నడిమికి తెచ్చి, తర్వాత బోల్టులు బిగించాడు. ప్లేటు నడిమికి లేకపోతే గేర్ బాక్స్ మళ్ళీ ఎక్కదు.

గేర్ బాక్సును తిరిగి ఆనించేసరికి చీకటి పడింది. అప్పుడు బోల్టులు అడిగాడు. విప్పినవన్నీ నాకిస్తే నేను ఒకే డబ్బాలో పడేసి ఉన్నాను. కొన్ని పొడుగు, కొన్ని పొట్టి. పైకి తల మాత్రం అన్నిటిదీ ఒకటే సైజు. మామ టార్చి కోసం లేచినప్పుడు, సాయం చేద్దామని ఒక బోల్టు నేనే పెట్టి బిగించాను. కొంచెం తిరిగి గట్టిపడింది. పట్టిందనుకొని ఇంకా బలంగా తిప్పాను. కరకరమని వదులైపోయింది. పొడుగు రంధ్రంలో పొట్టి బోల్టు పెట్టాను. రెండు మూడు మరలే పట్టి, గేర్ బాక్స్ అల్యూమినియం మరలు ఊడి వచ్చాయి.

లేత్ షాపు మూసేశారు. తెల్లారిగానీ పని కాదు. పంతులు గారు స్టూలు మీద కూర్చొని అంతా చూశారు. నన్ను పిలిచి "ఏ క్లాసు?" అన్నారు. "పది సార్." "లెక్కల్లో స్టెప్పులు రాయకుండా జవాబు రాసే రకమా నువ్వు?" అన్నారు. తిట్టలేదు. తిడితేనే బాగుండేది. మర్నాడు పొద్దున ఆయన, వాళ్ళావిడ మొదటి బస్సుకు ఖమ్మం పోయారు. కళ్ళు సరిగ్గా కనిపించని ఆమె చెయ్యి పట్టుకొని ఆయన బస్సెక్కించడం నేను బస్టాండులో చూశాను. మామే నన్ను సంచి మోయడానికి పంపించాడు.

ఆ మధ్యాహ్నం లేత్ దగ్గర కొత్త మరలు కోయించి బండి పూర్తి చేశాం. లేత్ ఖర్చు మామే పెట్టుకున్నాడు. తర్వాత ఒక అట్టముక్క నా ముందు పెట్టి "గేర్ బాక్స్ బొమ్మ గియ్యిరా" అన్నాడు. గీశాను. బోల్టు ఉన్న ప్రతి చోటా కన్నం పొడిపించాడు. "విప్పిన బోల్టు విప్పినట్టు ఆ కన్నంలో గుచ్చు. నీ తలకాయ మర్చిపోయినా అట్ట మర్చిపోదు" అన్నాడు. ఆ తర్వాత ఆ సెలవుల్లో ఏ బండికి బోల్టులు విప్పినా నేను అట్ట గీశాను. ఒక్కటి కూడా తారుమారు కాలేదు.

చివరి మాట

మిత్రులారా, గేర్ బాక్స్ దించడానికి పెద్ద బలం అక్కర్లేదని తెలుసుకున్నాను. బలం పెట్టింది నేను, మరలు ఊడగొట్టిందీ నేనే. దించేది మళ్ళీ ఎక్కించడానికే. కాబట్టి విప్పేటప్పుడే బిగించే పని మొదలైనట్టు. దిమ్మెలకు పట్టే అరగంట, అట్టకు పట్టే పది నిమిషాలు దండుగ అనిపిస్తాయి. మా మామ ఇంటికి నడిచి వచ్చింది ఆ అరగంట వల్లే. పంతులు గారి కారు మాట తప్పింది ఆ పది నిమిషాలు లేకనే.

పదో తరగతి పాసైతే ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ అనే ట్రేడు ఉంది, 2 సంవత్సరాలు. నేను అందులో చేరాలనుకుంటున్నాను. మీలో ఇష్టమున్నవాళ్ళు నాతో మాట్లాడండి. ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఎవరైనా జాకీ ఒక్కటే పెట్టి బండి కింద దూరితే, చిన్నవాళ్ళమని ఊరుకోకుండా, దిమ్మెలు పెట్టమని చెప్పండి.

జవాబులు చెప్పండి చూద్దాం:

1. యాక్సిల్ గుంజే ముందే గేర్ ఆయిల్ ఎందుకు దించాలి?
2. 10 పళ్ళ చక్రం 40 పళ్ళ చక్రాన్ని తిప్పితే వేగం ఎంత తగ్గుతుంది? బలం ఎంత పెరుగుతుంది?
3. చక్రాల నట్లు బండి లేపక ముందే ఎందుకు వదులు చేయాలి?

జవాబులు కాగితం మీద రాసి నాకివ్వండి. స్టెప్పులు తప్పక రాయండి.

ఇట్లు,
మీ మిత్రుడు,
పదవ తరగతి