అడగడం వచ్చినవాళ్లు

కూరగాయల బండి దగ్గర పావుకిలో పచ్చిమిరపకాయలకు ఒక కవరు, కొత్తిమీర కట్టకు ఇంకో కవరు ఇస్తుంటే, చేతిలో గుడ్డ సంచి ఉన్న కుర్రాడు కూడా ‘కవరు వద్దండీ’ అనడానికి మొహమాటపడతాడు. ప్లాస్టిక్ గురించి తెలియక కాదు. ఆ విషయం మీద బడిలో వ్యాసరచన పోటీకి బహుమతి కూడా తెచ్చుకుని ఉండొచ్చు. అతనికి రానిది అడగడం. యువత, పర్యావరణం అనగానే అందరూ అవగాహన పెరగాలంటారు. నాకు అవగాహన కొరత పెద్దగా కనిపించదు. ఎదుటి మనిషి కళ్లలోకి చూసి, మర్యాదగా, తడబడకుండా, ఫలానాది కావాలని అడగగలగడం దగ్గరే మన పిల్లలు ఆగిపోతున్నారు. ‘మనకెందుకు, ఊరుకో’ అని పెంచిన పెద్దలకూ ఇందులో వాటా ఉంది.

ఇండోనేషియాలోని బాలి ద్వీపంలో మెలాటి విజ్సెన్, ఇసబెల్ విజ్సెన్ అనే అక్కచెల్లెళ్లు 2013లో ‘బై బై ప్లాస్టిక్ బ్యాగ్స్’ మొదలుపెట్టారు. అప్పటికి అక్కకు 12 ఏళ్లు, చెల్లెలికి 10. బడిలో మండేలా, గాంధీ, డయానాల గురించి పాఠం విని ఇంటికొచ్చి, పెద్దయ్యేదాకా ఆగకుండా ఇప్పుడే ఏం చేయగలమని ఆలోచించారు. వరిమళ్లలో, కాలువల్లో, సముద్రపు ఒడ్డున ఎక్కడ చూసినా ప్లాస్టిక్కే. అయినా మొత్తం కాలుష్యాన్ని నెత్తికెత్తుకోలేదు. బాలిలో ప్లాస్టిక్ కవర్లు ఉండకూడదు, అంతవరకే. ఇలా తేల్చి అడిగితే వినేవాళ్లు అవుననో కాదనో చెప్పక తప్పదు. ‘భూమిని కాపాడండి’ అంటే మాత్రం అందరూ తలూపి వెళ్లిపోతారు.

సంతకాలు సేకరించాలనుకున్నారు. ఏటా కోటిన్నరకు పైగా రాకపోకలు సాగే బాలి విమానాశ్రయం కన్నా మంచి చోటేముంది? కానీ లోపలికి ఎవరు రానిస్తారు? అక్కడ ఊడ్చే మనిషితో మొదలుపెట్టి, ఆయన పై అధికారి, ఆ పైవాళ్లు, ఇలా ఒక్కొక్కరి తలుపూ తట్టారు. రోజులు గడిచాయి. చివరికి వాణిజ్య వ్యవహారాలు చూసే అధికారి, కస్టమ్స్, ఇమ్మిగ్రేషన్ దాటిన ప్రాంతంలోనే సంతకాలు తీసుకోమని అనుమతిచ్చాడు. మొదటి గంటన్నరలో వెయ్యి సంతకాల దాకా వచ్చాయి.

ఆ తర్వాత భారతదేశం వచ్చినప్పుడు గాంధీ నివసించిన ఇల్లు చూసి, నిరాహార దీక్ష గురించి తెలుసుకున్నారు. తిరిగి వెళ్లాక, పోషకాహార నిపుణుల పర్యవేక్షణలో, పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దుగూకేదాకా తినకుండా ఉంటామని ప్రకటించారు. గవర్నర్ మాంగ్కు పస్తికా వాళ్లను పిలిపించి, 2018 జనవరి కల్లా బాలిలో ప్లాస్టిక్ కవర్లు లేకుండా చేసేందుకు తోడ్పడతానని సంతకం చేశారు. లోకమంతా చెప్పుకునేది ఈ ఘట్టమే. నా దృష్టిలో విమానాశ్రయంలో తలుపులు తట్టిన రోజులే ఎక్కువ విలువైనవి. ఆ సంతకాల బలం వెనక లేకపోతే ఇద్దరు పిల్లల ఉపవాసం ఒక్కరోజు వార్తగా ముగిసేది. మన పిల్లలు అన్నం మానేయడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు. తలుపు తర్వాత తలుపు తట్టే ఓపికను అందుకోవాలి.

2018 జనవరి వచ్చింది. కవర్లు పోలేదు. వ్యక్తిత్వానికి అసలు పరీక్ష ఇలాంటి చోటే. మాట తప్పారని తిట్టి ఇంట్లో కూర్చోవడానికి కావలసినంత కారణం ఉంది. వాళ్లు కూర్చోలేదు. పెరెరెనాన్ అనే ఊళ్లో 800 కుటుంబాలతో అప్పటికే పని నడుస్తోంది. ఊరిపెద్దను మచ్చిక చేసుకుని, కవరు బదులు సంచులు ఇచ్చారు. కొండ గ్రామాల స్త్రీలతో సంచులు కుట్టించారు. అడిగేవాళ్లు ఎదుటివాళ్ల ఇబ్బందినీ వినాలి. కవరు ఇవ్వకపోతే బేరం పక్క బండికి పోతుందన్న భయం కొట్టువాడికి నిజంగానే ఉంటుంది.

తర్వాతి గవర్నర్ వయాన్ కోస్టర్ 2018 చివర్లో 97వ నంబరు నియమావళి తెచ్చి, వాడి పారేసే కవర్లను, స్టైరోఫోమ్‌ను, ప్లాస్టిక్ స్ట్రాలను నిషేధించారు. దాని మీద వేసిన పిటిషన్‌ను ఇండోనేషియా సుప్రీంకోర్టు 2019లో కొట్టేసింది. ఇంత జరిగినా వానాకాలపు గాలులకు కూటా తీరానికి చెత్త ఇంకా కొట్టుకొస్తూనే ఉంటుంది. నిషేధం ఒక్కటే సముద్రాన్ని శుభ్రం చేయదు.

వాళ్లకు మంచి బడి, ఇంగ్లీషు, ప్రోత్సహించే తల్లిదండ్రులు ఉన్నారన్న మాట నిజమే. మన జిల్లా పరిషత్ హైస్కూలు పిల్లకు అవన్నీ ఉండకపోవచ్చు. కానీ బాలి పిల్లలకు మొదట్లో లేనిది ఒకటి ఆమెకు ఇప్పటికే ఉంది: చట్టం. ప్లాస్టిక్ స్ట్రాలు, స్పూన్లు, ప్లేట్ల వంటి వాటిపై 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం ఉంది. అదే ఏడాది డిసెంబర్ 31 నుంచి 120 మైక్రాన్ల కన్నా పలుచని ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు అమ్మకూడదు, ఇవ్వకూడదు. టిఫిన్ సెంటర్లో వేడి సాంబారు పోసి కట్టిచ్చే ఆ పల్చటి కవరు వద్దని అనడానికి సంకోచం దేనికి?

ఇంటి నుంచే మొదలుపెట్టొచ్చు. పెళ్లి మాట్లాడుకునేటప్పుడే క్యాటరింగ్ వాళ్లతో స్టీలు గ్లాసులు పెట్టించమని బాబాయిని అడగాలి. ‘చిన్నపిల్లవి, నీకెందుకే’ అంటారు. అరిటాకుల లెక్క తేల్చే రోజున మళ్లీ అడగాలి. తర్వాత టిఫిన్ సెంటరాయన్ని, గిన్నె తెచ్చుకుంటే అందులోనే పోసిస్తారా అని. అక్కడ మాట తడబడకపోతే మున్సిపల్ ఆఫీసు గుమ్మమూ ఎక్కగలం. తెలంగాణలో సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో ఎవరైనా అర్జీ ఇవ్వొచ్చు. నలుగురు స్నేహితులు కలిసి ఒకే పేజీ రాయండి. ఏ మార్కెట్టు, ఏ కాలువ, అక్కడ ఏం కనిపించింది, ఎవరు ఏం చేయాలి. ఫొటో జతచేయండి, ఇచ్చాక రసీదు అడిగి తీసుకోండి. దాని నంబరు పుస్తకంలో రాసుకుంటే, రెండోసారి వెళ్లినప్పుడు అక్కడి నుంచే మాట మొదలవుతుంది.