దుస్స్వప్నములు – శయనగృహ శుద్ధి



"అయ్యా, కలలో పాము కనబడినది, ఏ శాంతి చేయింపవలెను?" అను ప్రశ్నను నేను విన్నంతగా మఱి యే ప్రశ్నను వినలేదు. దానికి నలువది యేండ్ల క్రిందట నేను చెప్పిన సమాధానము వేఱు, ఈ వయస్సున చెప్పు సమాధానము వేఱు. ఆ మార్పు ఎట్లు కలిగెనో తెలుపుటకే ఈ పాఠము.

శాస్త్రములు చెప్పినది

బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు జనక మహారాజునకు స్వప్నావస్థను వివరించుచు, అచ్చట రథములు లేవనియు, గుఱ్ఱములు లేవనియు, మార్గములు లేవనియు, వానినన్నింటిని తానే సృజించుకొనుచున్నాడనియు బోధించెను. ప్రశ్నోపనిషత్తులో పిప్పలాద మహర్షి, మనస్సు పగలు చూచినదానిని మరల చూచుననియు, విన్నదానిని మరల వినుననియు, చూడనిదానిని సైతము చూచుననియు చెప్పెను. కావున కల యనునది బయటినుండి వచ్చి మీదపడునది కాదు. మన లోపలి సామగ్రితోనే కట్టబడునది.

వైద్యశాస్త్రము ఇంకను స్పష్టముగా విభజించినది. చరకసంహిత ఇంద్రియస్థానమున కలలు ఏడు విధములని యున్నది. చూచినదానివలన కలుగునది దృష్టము, విన్నదానివలన శ్రుతము, అనుభవించినదానివలన అనుభూతము, కోరినదానివలన ప్రార్థితము, ఊహించినదానివలన కల్పితము, రాబోవుదానిని సూచించునది భావికము, వాతాది దోషములవలన పుట్టునది దోషజము. ఇందు మొదటి ఐదింటికిని ఫలము లేదు. పగటి కలకును, మిక్కిలి చిన్న కలకును, మిక్కిలి పెద్ద కలకును ఫలము లేదు. ఇంత తీసివేసిన పిమ్మట భయపడుటకు మిగులునది ఎంత?

"రామాయణమున భరతునకు మాతామహుని యింట వచ్చిన పీడకల నిజము కాలేదా? త్రిజట స్వప్నము ఫలింపలేదా?" అని కొందఱడుగుదురు. ఫలించినవి. అవి భావికములు. అంతమాత్రమున అజీర్తితో పరుండినవాని కలయు భావికమే యనుట తగదు.

వేకువజామున వచ్చిన కల నిజమగునను నమ్మకమును గూర్చియు ఒక మాట. కనుగ్రుడ్లు వేగముగా కదలు నిద్రాదశ యొకటి కలదని 1953వ సంవత్సరమున అమెరికా దేశపు పరిశోధకులు ప్రకటించిరి. స్పష్టమైన కలలు ఎక్కువగా ఆ దశయందే వచ్చును. ఆ దశ సుమారు 90 నిమిషముల కొకసారి వచ్చుచు, తెల్లవాఱుకొలది దీర్ఘమగుచుండును. అందుచే వేకువ కలలు ఎక్కువ. కలనుండి నేరుగా మేల్కొందుము గనుక జ్ఞాపకము నెక్కువ. జ్ఞాపకమున్న కలనే మనము ఫలముతో ముడిపెట్టుదుము.

నా పొరపాటు

నలువది యేండ్ల క్రిందట, వైశాఖమాసమున, మా యూరి దంపతులు ఎనిమిదేండ్ల కుమారుని తోడుకొని వచ్చిరి. ప్రతి రాత్రియు తెల్లవాఱుజామున భయపడి లేచి, తలమీద ఎవరో నడచుచున్నారని యేడ్చుచుండెనట. నేను నక్షత్రము అడిగితిని, తిథి అడిగితిని, జపము చేసితిని, రక్ష కట్టితిని. వారు శక్తికి మించి ఖర్చుచేసిరి. భయము తగ్గలేదు. బాలుడు చిక్కిపోయెను. ఇరుగుపొరుగువారు ఆ యింటికి ఏదో పట్టినదని చెప్పుకొన మొదలిడిరి; ఆ తల్లి గుడికి వచ్చుటకును సంకోచింపసాగెను.

నెల గడచిన పిమ్మట సత్యనారాయణ వ్రతము చేయింప వారి యింటికి పోయి, వాడు పరుండు గదిని మొదటిసారి చూచితిని. ఉన్న యొక్క కిటికీకి ధాన్యపు బస్తాలు అడ్డముగా పేర్చియుండెను. నడుము క్రుంగిన కుక్కిమంచము. సరిగా తలపైన అటక. దానిపై ఇత్తడి సామాను. ఆ సామాను నడుమ ఎలుకలు. ఎదుట దండెముపై తండ్రి చొక్కాలు, వానిమీద చిన్న దీపపు వెలుగు. తలమీద నడచుచున్నవారెవరో నాకప్పుడు తెలిసినది.

బస్తాలు తీయించి, మంచమును బిగింపించి, బాలుని గాలి వచ్చు వసారాలో తల్లి ప్రక్కన పరుండబెట్టించితిని. వారము తిరుగకుండ వాడు తెల్లవాఱువఱకు నిద్రింపసాగెను. నేను చేసిన జపము వ్యర్థమని నేననను. కాని తిథి నక్షత్రములు అడిగినవాడను, పిల్లవాడు ఎక్కడ పరుండుచున్నాడని అడుగనైతిని. ఆ నెల దినముల భయమునకు నేనును కొంత బాధ్యుడను.

శయ్య ఎట్లుండవలెను?

అడుగవలెనని శాస్త్రము నాకు ముందే చెప్పియున్నది. విష్ణుపురాణము తృతీయాంశమున ఔర్వ మహర్షి సగర చక్రవర్తికి గృహస్థధర్మములు తెలుపుచు, ఇరుకైనదియు, విఱిగినదియు, ఎగుడుదిగుడైనదియు, మాసినదియు, పురుగులున్నదియు, ఆచ్ఛాదనము లేనిదియు నగు శయ్యపై పరుండరాదనెను. తల తూర్పునకో దక్షిణమునకో ఉండవలెననెను. మనము దిక్కును మాత్రము జ్ఞాపకముంచుకొని తక్కిన ఆఱింటిని మఱచితిమి. దిక్కు సరిగా నుండి పక్కబట్ట మాసియున్నచో శాస్త్రము సగమే పాటించినట్లు.

గదియే కలను పుట్టించునని కాదు. గది నిద్రను భంగపఱచును. భంగమైన నిద్రలో చెడుకల నడుమ మేల్కొందుము. మేల్కొన్నచో అది మనస్సున నాటుకొనును. కావున నిద్రాభంగ కారణములను తొలగింపవలెను.

వేడి: నిద్రపట్టునప్పుడు దేహపు లోపలి వేడి కొంత తగ్గవలెను. గాలి ఆడని గదిలో అది తగ్గదు. కిటికీ తెఱచి దోమతెర కట్టుకొనుట మేలు. తలుపులు మూసి దోమల కాయిల్‌నో, ధూపమునో వెలిగించి ఆ పొగలో పరుండరాదు.

వెలుగు: రాత్రి వెలుగు నిద్రకు కావలసిన స్రావమును దేహమున తగ్గించును. దీపము తప్పనిసరియైనచో కంటికి ఎదురుగా గాక మంచము క్రిందుగా, నీడలు గోడపై పడకుండ ఉంచుడు. సెల్‌ఫోనును తలగడ ప్రక్కన ఉంచుకొనకుడు.

శబ్దము: కొట్టుకొను తలుపు, కాఱు కుళాయి, అటకపై ఎలుకలు, ప్రక్కగదిలో టీవీ – వీనిని పగటిపూటనే సరిచేయుడు.

భోజనము: పరుండుటకు రెండు మూడు గంటల ముందే మితముగా భుజింపుడు. కాళ్లు కడుగుకొని పక్కపై చేరుడు.

వైద్యునకు చెప్పవలసినవి

పసిపిల్లలు నిద్రపట్టిన కొద్ది గంటలలోనే కెవ్వున అఱచి, కండ్లు తెఱచియు తల్లిని గుర్తింపక, ఉదయమున ఏమియు జ్ఞాపకము లేకుండుట కలదు. ఇది పీడకల కాదు. గాఢనిద్రలో కలుగు వేఱొక స్థితి. కుదిపి లేపక, దెబ్బ తగులకుండ కాపాడుచు వేచియున్న చాలును. వయస్సుతో అది సాధారణముగా తగ్గిపోవును.

వృద్ధులు కలలో కాళ్లు చేతులు విసరి కొట్టుచున్నను, గుఱకతో ఊపిరి ఆగుచున్నను, క్రొత్త మందు మొదలిడిన పిదప పీడకలలు వచ్చుచున్నను వైద్యునకు తప్పక చెప్పవలెను. మందును తామే మానరాదు. ప్రమాదమో, ఆప్తుల మరణమో చూచినవారికి అదే కల మాటిమాటికి వచ్చుచున్నచో అది గాయపడిన మనస్సు. మానసిక వైద్యుని చూచుట సిగ్గుపడవలసిన విషయము కాదు.

ప్రార్థన యొక్క స్థానము

మఱి ప్రార్థన వలదా? తప్పక కావలెను. ఋగ్వేదమున ఋషులు సవితృదేవుని దుస్స్వప్నమును దూరము చేయుమని వేడిరి. భాగవతము అష్టమస్కంధమున, గజేంద్రమోక్షమును ప్రాతఃకాలమున కీర్తించుట దుస్స్వప్నాదులను శమింపజేయునని ఫలశ్రుతి కలదు. మన భాగ్యవశమున ఆ కథ పోతనగారి తెనుగున ఇంటింట నున్నది.

నేటి వైద్యులు పీడకలలకు చేయు చికిత్సలలో ఒకటి యున్నది. రోగి ఆ కలను పగటివేళ తలచుకొని, దాని ముగింపును తనకు నచ్చినట్లు మార్చి, ఆ క్రొత్త కథను ప్రతిదినము మనస్సున అభ్యసింపవలెను. ఇది విన్నప్పుడు నాకు గజేంద్రుడే తోచెను. మకరి పట్టు నిజమే, పోరాటము నిజమే. కాని కథ మడుగులో ముగియదు, శ్రీహరి రాకతో ముగియును. ప్రతి ఉదయము ఆ ముగింపును తలచు మనస్సు రాత్రి భయమునకు లోబడదు.

యాత్రికులకు, దాతలకు ఒక మనవి. క్రొత్తచోట మొదటి రాత్రి సరిగా నిద్రపట్టకుండుట సహజము. సత్రములో చెడుకల వచ్చినదని యాత్రాఫలమును శంకింపకుడు. ఇంటినుండి ఉతికిన దుప్పటి యొకటి తెచ్చుకొనుడు. శయ్యాదానమును మనము అపరకర్మలకే పరిమితము చేసితిమి. బ్రదికియున్న బాటసారికి శుభ్రమైన చాప, దోమతెర, గాలి వచ్చు కిటికీ అమర్చుటయు శయ్యాదానమే.

ఇక మీ యింట ఎవరైనను కలలో భయపడినచో, పంచాంగము తీయుటకు ముందు దీపము తీసుకొని వారు పరుండిన గదిలోనికి ఒకసారి పోయి చూడుడు.

స్వస్తి.