చేపల తొట్టి నీళ్లు - చుక్కల లెక్క

మన చదువు కేంద్రానికి వచ్చే ఒక అక్క ఇంట్లో అద్దాల తొట్టి ఉంది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. చిన్నవాడు ఏడాది నుంచి అడుగుతుంటే, మిషను కుట్టిన డబ్బుతో కొంది. ఐదు బంగారు చేపలు కూడా తెచ్చింది. దుకాణాల్లో వీటిని గోల్డ్ ఫిష్ అంటారు.

ఆరో రోజుకి చేపలు పైకి వచ్చి నోళ్లు తెరవడం మొదలుపెట్టాయి. ఎనిమిదో రోజు ఒకటి చచ్చిపోయింది. అక్క ఊరుకుంటుందా? తొట్టి మొత్తం ఖాళీ చేసింది. గులకరాళ్లు, స్పాంజి, అద్దాలు, అన్నీ సబ్బుపొడి వేసి తోమింది. పంపు నీళ్లు పట్టి నింపింది. నీళ్లు తేటగా మెరిసిపోతున్నాయి. తెల్లారేసరికి ఇంకో రెండు చేపలు తేలాయి. పిల్లవాడు ఆ పూట అన్నం ముట్టలేదు.

"ఇంత శుభ్రం చేశాను కదా టీచరమ్మా, ఎందుకు చచ్చిపోయాయి?" అని అడిగింది అక్క.

నాకూ వెంటనే జవాబు తెలియలేదు. పట్నంలో చేపల దుకాణానికి వెళ్లి నీళ్లు పరీక్ష చేసే కిట్టు తెచ్చాం. అందులో చిన్న మందు సీసాలు, ఒక గాజు గొట్టం, రంగుల అట్ట ఉన్నాయి. కాగితం అంతా ఇంగ్లీషు. నేను చదివి చెప్పాను. అక్క తన నోటుబుక్కులో తెలుగులో రాసుకుంది.

తేటనీళ్లలో ఏముంది?

చేపలు తిన్నది నీళ్లలోనే విసర్జిస్తాయి. వాటి మొప్పల నుంచి అమ్మోనియా అనే విషం బయటికి వస్తుంది. మిగిలిన మేత కుళ్లినా అదే పుడుతుంది. దానికి రంగు లేదు. అందుకే నీళ్లు తేటగా కనిపించినా నమ్మకూడదు.

చెరువులో, తొట్టిలో కంటికి కనిపించని సూక్ష్మజీవులు ఉంటాయి. పాలను పెరుగు చేసే జీవుల్లాంటివే అనుకోండి. కొన్ని జీవులు అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తాయి. అదీ విషమే. చేప రక్తానికి గాలిని మోసే శక్తి పోతుంది. ఇంకో రకం జీవులు నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. నైట్రేటుతో ప్రమాదం చాలా తక్కువ.

ఈ జీవులు రాళ్లకీ, స్పాంజికీ అంటుకుని బతుకుతాయి. కొత్త తొట్టిలో అవి సరిపడా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అక్క సబ్బుతో తోమినప్పుడు అప్పుడప్పుడే పుడుతున్న జీవులన్నీ పోయాయి. పంపు నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. అది మనం తాగే నీళ్లలో రోగాలను చంపడానికి కలుపుతారు. చేప మొప్పలకి అది మంట. సబ్బు కొంచెం మిగిలినా అదీ చేపకి విషమే. అక్క తప్పు ఇందులో ఏముంది? ఇల్లు, గిన్నెలు, పిల్లలు, ఏదైనా తోమితేనే శుభ్రమని మనకి చిన్నప్పటి నుంచీ నేర్పారు.

చుక్క ఎక్కడుంది?

మొదటిరోజు అమ్మోనియా 2 వచ్చింది. ఉండవలసింది 0. తొట్టిలో దాదాపు 50 లీటర్ల నీళ్లు. సగం, అంటే 25 లీటర్లు తీసేసి, ఒకరోజు ముందే వెడల్పు టబ్బులో పట్టి ఉంచిన నీళ్లు పోశాం. అలా ఉంచితే క్లోరిన్ చాలావరకు గాలిలో కలిసిపోతుంది. సగం నీళ్లు మారితే విషం కూడా సగం అవుతుంది. 2 కాస్తా 1 అయింది. మర్నాడు మళ్లీ సగం మార్చాం. మేత కూడా తగ్గించాం. రెండు నిమిషాల్లో తినగలిగినంతే వేయాలి.

ఒక వారం తర్వాత అక్క ఫోను చేసింది. "ఇరవై అయిదు వచ్చింది టీచరమ్మా!" గొంతు వణుకుతోంది. అట్ట మీద ఉన్నది 0.25. ముందున్న సున్నా, చుక్క అక్క చూడలేదు. 0.25 అంటే ఒకటిలో పావు వంతు. రూపాయిలో పావలా. పావలా బిళ్ల 2011లో చెల్లకుండా పోయింది గానీ, లెక్కలో పావలా ఇంకా ఉంది. అలాగే 0.5 అంటే అర్ధరూపాయి. చుక్క చూడకపోతే పావలా పాతిక రూపాయలవుతుంది.

రై, రే

ఇంకో పొరపాటు నాది కూడా. మూడో వారంలో అక్క మళ్లీ ఫోను చేసి, "అమ్మోనియా పావలా, నైట్రేటు రెండు" అంది. నైట్రేటు రెండయితే భయం లేదని చెప్పి ఫోను పెట్టేశాను. సాయంత్రానికి చేపలు పైకి వచ్చి ఆయాసపడుతున్నాయట. పరుగున వెళ్లి చూశాను. అక్క పరీక్ష చేసింది నైట్రైటుకి! ఒక్క గుణింతం తేడా. రై అయితే విషం, రే అయితే ఫరవాలేదు. ఫోనులో నేనూ మళ్లీ అడగలేదు.

అమ్మోనియా తగ్గిందంటే మొదటి రకం జీవులు పెరిగాయన్నమాట. రెండో రకం ఇంకా పెరగలేదు. అందుకే నైట్రైటు మధ్యలో ఆగిపోయింది. ఆ రాత్రే సగం నీళ్లు మార్చాం. గాలి మోటారు ఆపకుండా తిప్పాం. తెల్లారేదాకా అక్క, పిల్లవాడు తొట్టి పక్కనే పడుకున్నారు. రెండు చేపలూ బతికాయి. మర్నాడు అక్క సీసా మీద ఎర్ర పెన్నుతో పెద్దగా "రై" అని రాసి అంటించింది.

ఆరో వారానికి అమ్మోనియా 0, నైట్రైటు 0. నైట్రేటు కూడా 0! అక్క సంతోషించింది. నాకు అనుమానం వచ్చింది. రోజూ మేత వేస్తుంటే, చేపలు తింటుంటే, చివరికి నైట్రేటు కొంతైనా ఉండాలి కదా. కాగితం మళ్లీ చదివాను. నైట్రేటు సీసాను పరీక్షకు ముందు గట్టిగా ఊపాలట. మందు అడుగున పేరుకుంటుంది. ఊపి చేస్తే 20 వచ్చింది. అది నిజమైన లెక్క. 40 దాటకుండా వారం వారం కొంత నీరు మారిస్తే చాలు.

అందుకే వింత లెక్క వస్తే చేపల కంటే ముందు పరీక్షను అనుమానించండి. గొట్టం అదే తొట్టి నీళ్లతో కడిగారా? వేలితో మూశారా, మూతతోనా? వేలికి సబ్బు ఉంటే లెక్క మారుతుంది. సీసాను నిట్టనిలువుగా వంచి చుక్కలు వేశారా? పక్కకి వంచితే చుక్క సైజు మారిపోతుంది. చెప్పినన్ని నిమిషాలు ఆగారా? రంగును పగటి వెలుగులో చూశారా? మందు గడువు తేదీ దాటిందా? పంపు నీళ్లను కూడా ఒకసారి పరీక్ష చేయండి. కొన్ని ఊళ్ల బోరు నీళ్లలోనే నైట్రేటు ఉంటుంది.

పీహెచ్ అనే లెక్క కూడా ఉంది. 7 అయితే సమానం. 8 దాటిన నీళ్లలో అదే అమ్మోనియా ఎక్కువ విషమవుతుంది. ఎండాకాలం నీళ్లు వేడెక్కినా అంతే.

స్పాంజిని ఇప్పుడు అక్క పంపు కింద కడగటం లేదు. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే రెండుసార్లు పిండుతుంది. ఇంకా మూడు చేపలు కొందామని పిల్లవాడు అడుగుతున్నాడు. 50 లీటర్లకి ఆ రెండే ఎక్కువని అక్క ఒప్పుకోలేదు.

చదివి, రాయండి

1. తొట్టిలో అమ్మోనియా 4 ఉంది. సగం నీళ్లు మారిస్తే ఎంత అవుతుంది? వెంటనే ఇంకోసారి సగం మారిస్తే?
2. 0.5, 0.25, 2.5. వీటిలో అన్నిటికంటే చిన్నది ఏది?
3. నైట్రైటు, నైట్రేటు. ఈ రెండు మాటలు మూడేసి సార్లు రాయండి. విషం ఎక్కువైన దాని కింద గీత గీయండి.