పదకొండో వచనానికి ముందు

ప్రభువునందు ప్రియమైన చిన్నోడికి,

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో నీకు వచ్చిన వాగ్దానపు కార్డు మీద ఉన్నది యిర్మీయా 29:11 అని మీ అమ్మ చెప్పింది. ఆ కార్డును ఫోను వెనక పెట్టుకుని రోజూ పొద్దున్నే చదువుకుంటున్నావట, ఈ ఏడాదిలో ఉద్యోగం తప్పకుండా వస్తుందని నమ్ముతున్నావట. సంతోషం నాన్నా. ఆ వచనం నీ చేతికి వచ్చింది కాబట్టి దాని గురించే రాస్తున్నాను.

అది ఒక ఉత్తరంలోని మాట. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యూదా రాజైన యెకొన్యానూ, అతని తల్లినీ, అధిపతులనూ, చేతిపని తెలిసినవాళ్లనూ బబులోనుకు చెరపట్టుకుపోయాడు. యెరూషలేములో మిగిలిన యిర్మీయా ప్రవక్త వాళ్లకు ఆ ఉత్తరం పంపాడు. దానికి ముందున్న 28వ అధ్యాయం కూడా చదువు. హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో అందరి ముందూ నిలబడి, రెండేళ్లలో చెర ముగుస్తుంది, అందరూ తిరిగొస్తారు అన్నాడు. జనానికి కావలసిన మాట అదే. యిర్మీయా కూడా ముందు ఆమేన్ అన్నాడు, అలాగే జరగాలని ఆయనకూ ఉంది. కానీ దేవుడు పంపిన మాట వేరు. 29వ అధ్యాయం పదో వచనంలో ఉన్న లెక్క డెబ్బై ఏళ్లు. ఆ డెబ్బై ఏళ్ల తర్వాతే, మీ విషయంలో నావి సమాధానకరమైన ఆలోచనలే గాని హానికరమైనవి కావు అనే నీ పదకొండో వచనం వస్తుంది.

ఉత్తరం విన్నవాళ్లలో నలభై ఏళ్ల మనిషిని ఊహించుకో. తిరుగు ప్రయాణం అతను చూడడు, మనవళ్లు చూస్తారు. అయినా అతనికి దేవుడు ఏం చెప్పాడు? అయిదో వచనం నుంచి చూడు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని చెరపెట్టిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థన చేయండి అన్నాడు. వాగ్దానానికి ముందు ఇంత పని ఉంది. కార్డు మీద అంత చోటు లేదు కాబట్టి అది మన దాకా రావడం లేదు. ఇలా చదివితే వాగ్దానం చిన్నదైపోతుందేమోనని భయపడకు. నా కంటికైతే అది ఇంకా పెద్దదైంది. మన ఒక్క ఏడాదిలో, ఒక్క ఉద్యోగంలో ఇమిడిపోయే ఆలోచనలు కావు ఆయనవి.

ఇప్పుడు నీ సంగతి. ఉద్యోగం వస్తే ఎటూ వెళ్లిపోతానని హైదరాబాదులో ఏ సంఘంలోనూ కుదురుగా చేరలేదు. అమీర్‌పేట హాస్టల్‌లో నీ పక్క మంచం అబ్బాయికీ ఉద్యోగం లేదన్నావు, అతని కోసం ఎప్పుడైనా ప్రార్థన చేశావా? వంట చేసి పెట్టే ఆమె ఊరేదో అడిగావా? నీ కార్డుతో పాటు, ఉన్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించమన్న ఏడో వచనం కూడా నీదే. ఉద్యోగం వచ్చాక మొదలుపెట్టాల్సిన జీవితం కాదది, ఈ వారమే మొదలుపెట్టు.

వచనాన్ని దాని చోటి నుంచి పెరికితే ఎంత ప్రమాదమో మత్తయి 4లో ఉంది. మన ఇళ్లలో అందరికీ కంఠతా వచ్చే 91వ కీర్తననే సాతాను యేసు ముందు వల్లించాడు. మాటలు లేఖనంలోవే, వాడిన తీరు తప్పు. ప్రభువు మూడుసార్లూ ద్వితీయోపదేశకాండంలో నుంచే జవాబిచ్చాడు. ఇశ్రాయేలీయులు అరణ్యంలో నలభై ఏళ్లు ఆకలితో, సణుగుడుతో నేర్చుకున్న పాఠాలవి. నలభై రోజులు ఉపవాసమున్న ఆయనకు ఏ మాట ఎక్కడిదో, ఎందుకు చెప్పిందో తెలుసు.

మన దోర్నకల్ బిషప్ అజరయ్య గారి గురించి నువ్వు వినే ఉంటావు. 1912లో అభిషేకం పొందిన మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు ఆయనే. కొత్తగా బాప్తిస్మం పొందినవాళ్ల చేత, తల మీద చెయ్యి పెట్టుకుని, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అన్న పౌలు మాటను పలికించేవారు. 1 కొరింథీయులకు 9:16 అది. పేద పల్లెవాళ్లకు బాప్తిస్మం రోజునే ఆయన చేతికిచ్చిన వచనం బరువైనది, మోయాల్సినది. అలాంటి వచనాలు కూడా నీ ధ్యానంలోకి రానివ్వు నాన్నా. నిన్ను ఓదార్చేవే కాదు, నీ నుంచి ఏదో ఒకటి అడిగేవి కూడా.

ఎలా చదవాలి అని అడుగుతావు. ఒక పుస్తకం పట్టుకుని వరసగా చదువు, ఇరవై నిమిషాలు చాలు. కాగితం బైబిలే తెరువు, ఫోనులో చదివితే మెసేజీలు లాక్కుపోతాయి. ఎవరు, ఎవరితో, ఏ పరిస్థితిలో అన్నారో చూసుకో. తర్వాత ఈ రోజు చేయాల్సిన పని ఒక్కటి నోటుబుక్కులో రాసుకుని, రాత్రి పడుకునే ముందు చేశావో లేదో చూసుకో. యూట్యూబులో వినే ప్రసంగాలను కూడా లేఖనంతో సరిపోల్చు. అపొస్తలుల కార్యములు 17లో బెరయ పట్టణంవాళ్లు పౌలు చెప్పినదాన్నే ప్రతిరోజూ లేఖనాలతో పరిశోధించారు. నా ఉత్తరాన్నీ అలాగే పరీక్షించు.

ఏమీ ఎక్కని రోజులొస్తాయి. ఇంటర్వ్యూ పోయిన రోజు సాయంత్రం బలవంతంగా స్తుతిగీతం పాడనక్కరలేదు. 88వ కీర్తన తియ్యి. అది చీకటిలోనే ముగుస్తుంది, చివరికి ఓదార్పు మాట ఒక్కటీ లేదు. అలాంటి ప్రార్థనకూ దేవుడు తన గ్రంథంలో చోటిచ్చాడు. నువ్వు కూడా అలా మాట్లాడినా ఆయన వింటాడు.

ఈ వారం యిర్మీయా 28, 29 అధ్యాయాలు కలిపి మూడు నాలుగుసార్లు చదివి, హనన్యా మాటలు జనానికి ఎందుకంత నచ్చాయని నీకనిపించిందో నాకు రాయి. ఆదివారం ఏ గుడికి వెళ్లావో కూడా రాయి. ఆ పక్క మంచం అబ్బాయి పేరు పంపిస్తే, రాత్రి కుటుంబ ప్రార్థనలో నీ పేరుతో పాటు అతనిదీ చెబుతాం.

ప్రార్థనలతో,
నీ పెద్దమ్మ