చదివింది నిలవాలంటే

సున్నిపెంట

చిరంజీవి బుజ్జమ్మకు,

నీ జాబు అందింది. ఎంత చదివినా పొద్దునకు మిగలడం లేదనీ, నీకు మెదడే లేదేమోననీ రాశావు. ముందు ఆ మాట కొట్టేయి. అర్ధరాత్రి దాటేదాకా ఒకే పాఠాన్ని తిరగేసి, కోడి కూయకముందే లేచి కూర్చుంటే ఎవరికైనా అంతే అవుతుంది. మరుపు జబ్బు కాదు తల్లీ. జర్మనీలో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే ఆయన అర్థంలేని అక్షరాల ముక్కలు కంఠతా పట్టి, తన మరుపును తానే కొలిచి 1885లో పుస్తకం వేశాడు. నేర్చినదాంట్లో సగానికి పైగా గంటలోపే జారిపోయింది. ఆ తర్వాత జారడం నెమ్మదించింది. అంత పట్టుదల ఉన్న మనిషికే అలా జరిగితే నువ్వు కుమిలిపోవాల్సిన పని లేదు.

నువ్వు పుస్తకాన్ని తలలోకి ఎక్కించుకోవడమే చేస్తున్నావు. ఎక్కినదాన్ని బయటికి తీసేది ఎప్పుడు? వారానికొక్కసారి పరీక్ష హాల్లో, అదీ చేతులు వణుకుతుంటే.

బయటికి తీయడం ఎంత పని చేస్తుందో తెలియాలంటే అవధానం సంగతి చూడు. మన సీమలోనే ప్రొద్దుటూరులో సి.వి. సుబ్బన్న శతావధాని గారు ఉండేవారు. అష్టావధానంలో అవధాని చుట్టూ ఎనిమిదిమంది పృచ్ఛకులు కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది ఇస్తారు, ఇంకొకరు అడుగడుగునా ఈ అక్షరం వాడవద్దంటారు. మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన ఏదో ఒకటి అడిగి దృష్టి మళ్లిస్తూనే ఉంటాడు. అవధాని ఒకరికి ఒక పాదం చెప్పి మరొకరి దగ్గరికి పోతాడు. మళ్లీ మొదటి ఆయన వంతు వచ్చేసరికి పాత పాదాన్ని తలచుకుంటేనే కొత్తది అల్లగలడు. చేతిలో కాగితం ఉండదు. అలా నాలుగు ఆవృత్తాలు తిరిగాక, ఆఖర్న పద్యాలన్నీ వరసగా అప్పజెబుతాడు. అదే ధారణ.

జనం దాన్ని సరస్వతీ కటాక్షం అంటారు. నేను కాదనను. కానీ ఆ సభ నడిచే పద్ధతిని గమనించు. ప్రతి ఆవృత్తంలోనూ, ఇంత ఎడమిచ్చి, పాత పాదాన్ని మళ్లీ పైకి తీయక తప్పదు. ధారణకు నిలబడే వేళకు ప్రతి పాదమూ అప్పటికే మనసులో నలిగి ఉంటుంది. ఇంకో సంగతి ఉంది. మనిషి ఒక్కసారిగా మనసులో పట్టి ఉంచగలిగేవి నాలుగైదు సంగతులకు మించవని మనస్తత్వ శాస్త్రజ్ఞులు అంటారు. మనకు ఇరవై అక్షరాలుగా వినబడే పాదం, ఛందస్సు ఒంటబట్టినవాడికి ఒక్క ముక్క. యతి, ప్రాస తెలిసినవాడికి తర్వాత ఏం రావచ్చో సగం ముందే తెలుసు. నీకు మూత్రపిండం పాఠం నలభై మాటల గుంపులా కనిపిస్తోంది. రక్తం ఎటునుంచి వచ్చి ఎటు పోతుందో ఒక్కసారి దారి పట్టుకో, ఆ మాటలు ఆ దారి వెంబడి కూర్చుంటాయి.

అమెరికాలో రోడిగర్, కార్పికి అనే ఇద్దరు 2006లో ఇలా మళ్లీ పైకి తీయడాన్ని కాలేజీ పిల్లల మీద పరీక్షించారు. కొందరు పాఠాన్ని పదేపదే చదివారు. కొందరు ఒక్క విడత చదివి, మూసేసి, గుర్తున్నదంతా మూడుసార్లు రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే వాళ్లకు గుర్తున్నది 40 శాతం, రాసినవాళ్లకు 61 శాతం. ఆ అయిదు నిమిషాల గెలుపే నిన్ను మోసం చేస్తోంది. చదువుతున్నంతసేపూ అంతా వచ్చినట్టే ఉంటుంది.

ఇక నిద్ర. అదెందుకు కావాలో చెబుతాను. ఇక్కడ నల్లమలలో పులుల రక్షణకు అటవీశాఖవాళ్లు చెంచులను వాచర్లుగా పెట్టుకుంటారు. వాగు, చెలమ, తేనెపట్టు ఉండే బండ, అన్నీ వాళ్లకు కళ్లకు కట్టినట్టు ఉంటాయి. ఇలా చోట్లను పట్టి ఉంచడంలో హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగానికి పెద్ద పాత్ర ఉంది. ఎలుక ఒక్కో చోటికి పోయినప్పుడు అందులో ఒక్కో కణం చురుకవుతుందని జాన్ ఓకీఫ్ 1971లో చూపించాడు. 2014లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. పగలు తిరిగిన దారి తాలూకు కణాలు ఎలుక నిద్రపోయాక మళ్లీ కలిసి చురుకవుతాయని 1994లో మరో ఇద్దరు కనిపెట్టారు. మనకు కొత్తగా నేర్చిన సంగతులు కుదురుకోవడానికీ నిద్ర కావాలి. ఒంటిగంటదాకా మేలుకుంటే నువ్వు చదివినదాన్నే నువ్వు చెడగొట్టుకుంటున్నట్టు. పదకొండుకల్లా దీపం ఆర్పేయి. మీ హాస్టల్ వార్డెన్ ఏమన్నా అంటే మీ నాన్న చేత మాట్లాడిస్తాను.

భయం గురించి కూడా రాశావు. 2009 అక్టోబరులో మన శ్రీశైలం డ్యాంకు 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. కట్టిన లెక్క 19 లక్షలకే. నిండు మట్టం 885 అడుగులు దాటి నీళ్లు పైకెక్కాయి, కర్నూలు మునిగింది. ఆ రాత్రిని మా కాలనీలో ఎవరూ మరిచిపోలేదు. భయం కలిగినప్పుడు మెదడులో అమిగ్డలా అనే చిన్న ముద్ద, ఒంట్లో పొంగే అడ్రినలిన్ వంటి రసాయనాలు కలిసి ఆ ఘడియను గట్టిగా ముద్ర వేస్తాయి. అయితే ఆ రాత్రి కబురు ఎవరు తెచ్చారంటే మీ పెద్దమ్మ ఒకటి చెబుతుంది, నేనొకటి చెబుతాను. ఇద్దరికీ ఖాయంగానే గుర్తు! 1986లో ఛాలెంజర్ వ్యోమనౌక పేలిన మర్నాడు ఉల్రిక్ నైసర్ తన విద్యార్థుల చేత ఆ కబురు ఎలా తెలిసిందో రాయించి, రెండున్నరేళ్ల తర్వాత మళ్లీ అడిగాడు. చాలామంది వేరే కథ చెప్పారు, అదే నిజమన్నారు.

కాబట్టి మార్కులు పైకి చదివి పిల్లలను నిలబెట్టే చోట పాఠం బాగా గుర్తుంటుందని ఎవరైనా అంటే నమ్మకు. అక్కడ ముద్ర పడేది ఆ నిలబడ్డ ఘడియ. పరీక్ష హాలు చూడగానే ఒళ్లు చల్లబడటం అలా నేర్చుకున్నదే. అలవాటు పడ్డ భయాన్ని తగ్గించే దారి కూడా అదే: ఎవరూ చూడని చోట, మార్కులు లేని చిన్న పరీక్షలు నీకు నువ్వే పెట్టుకోవడం. తప్పు వస్తే పుస్తకం తెరిచి దిద్దుకోవడం.

మీ ఆళ్లగడ్డలో రాతి శిల్పుల దగ్గర పిల్లలు చూసి ఊరుకోరు, ఉలి పట్టుకుంటారు. చేత్తో నేర్చినది ఎలా నిలుస్తుందో విను. 1953లో మూర్ఛ తగ్గడానికి శస్త్రచికిత్స చేసి హెన్రీ మొలైసన్ అనే ఆయన మెదడులో రెండువైపులా హిప్పోక్యాంపస్‌ను చాలావరకు తీసేశారు. కొత్త సంగతేదీ ఆయనకు నిలిచేది కాదు. అయినా బ్రెండా మిల్నర్ అద్దంలో చూస్తూ నక్షత్రం గీయమంటే రోజురోజుకూ బాగా గీశాడు, ముందురోజు గీసిన సంగతే గుర్తులేకుండా. చేతి నేర్పుకు మెదడులో వేరే దారులున్నాయి. అందుకే పాఠంలోని బొమ్మలు చూసి వదిలేయకు, గీయి.

ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు పుస్తకం పక్కన పెట్టి మూత్రపిండం పాఠం నాకు చెప్పు. నేను లెక్కల మాస్టర్ని, నాకది తెలియదు కాబట్టి మొదటినుంచీ చెప్పాల్సి ఉంటుంది. మళ్లీ బుధవారం నేనే చేసి అదే అడుగుతాను.

నీ పెద్దనాయన