తెర మీద బంతి

ఉద్దేశం: తెర మీద బొమ్మ ఎలా కదులుతుందో, చిన్న ఆటను తయారుచేయడం ఎలా మొదలుపెట్టాలో తెలపడం ఈ పాఠం ఉద్దేశం.

1972లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, అటారి అనే కొత్త సంస్థలో ఆలన్ ఆల్కార్న్ అనే యువ ఇంజనీరు ఉద్యోగంలో చేరాడు. ఆటల యంత్రాలు తయారుచేసిన అనుభవం అతనికి లేదు. సంస్థ స్థాపకులలో ఒకడైన నోలన్ బుష్నెల్ అతనికి ఒక చిన్న పని అప్పగించాడు. తెర మీద ఒక బంతి, రెండు బ్యాట్లు, మధ్య ఒక గీత, పైన స్కోరు - అంతే. చేయి తిరగడానికి ఇచ్చిన అభ్యాసమే గాని, అది అమ్మకానికి అనుకున్నది కాదు. ఆ అభ్యాసమే 'పాంగ్' అనే పేరుతో ప్రపంచమంతటా ప్రసిద్ధి పొందింది.

నాటి పాంగ్ యంత్రంలో ప్రోగ్రాం లేదు. అంతా విద్యుత్ వలయాల పనే. నేడు అదే ఆటను కంప్యూటర్‌కు ప్రోగ్రాం రాసి ఆడించవచ్చు. ఆటల గ్రాఫిక్స్ నేర్చుకొనేవారిలో చాలామంది ఇప్పటికీ ఈ ఆటతోనే మొదలుపెడతారు.

చుక్కల తెర

కంప్యూటర్ తెర మీది బొమ్మలన్నీ చిన్న చిన్న చుక్కల కూర్పు. ఒక్కొక్క చుక్కను పిక్సెల్ అంటారు. అడ్డంగా 320, నిలువుగా 200 చుక్కలున్న తెరలో మొత్తం 64,000 చుక్కలుంటాయి. ఈ పద్ధతి తెలుగువారికి కొత్తది కాదు. మహారాష్ట్రలోని సోలాపూర్‌లో స్థిరపడిన తెలుగు నేతపనివారు జకార్డు మగ్గాల మీద పూల దుప్పట్లు నేస్తారు. అటువంటి నేతకు నమూనాను ముందుగా గళ్ల కాగితం మీద గీస్తారు. ఏ గడిలో రంగు నింపితే అక్కడ పడుగు పేకల కలయికలో ఆ రంగు పైకి తేలుతుంది. తెర మీది చుక్క కూడా ఆ గడి వంటిదే.

ప్రతి చుక్కకు రెండు అంకెలతో చిరునామా ఉంటుంది. మొదటిది ఎడమ అంచు నుంచి దూరం, రెండవది పై అంచు నుంచి దూరం. లెక్క సున్నతో మొదలవుతుంది. గణితంలో గ్రాఫు మీద పైకి పోయేకొద్దీ అంకె పెరుగుతుంది. చాలా ప్రోగ్రాం పద్ధతుల్లో మాత్రం తెర మీద కిందికి దిగేకొద్దీ పెరుగుతుంది. కొత్తవారు తరచుగా తడబడేది ఇక్కడే.

కదలని కదలిక

నిజానికి తెర మీద బంతి కదలదు. ఒకచోట బంతిని గీస్తారు, చెరిపివేస్తారు, పక్కనే మళ్లీ గీస్తారు. ఇది వేగంగా జరిగితే కంటికి కదలికగా తోస్తుంది. సినిమాలో క్షణానికి 24 నిశ్చల చిత్రాలు చూపినప్పుడు జరిగేదీ ఇదే. చెరపడం మరిస్తే బంతి నడిచిన దారి అంతా గీతలా మిగిలిపోతుంది.

చెరపడం, గీయడం చూసేవారి కళ్ల ముందే జరిగితే బొమ్మ మిణుకుమంటుంది. అందువల్ల మొత్తం బొమ్మను కంప్యూటర్ జ్ఞాపకంలో చాటుగా గీసి, పూర్తయ్యాక ఒక్కసారిగా చూపిస్తారు. నాటకంలో రంగం మార్చేటప్పుడు తెర దించి, అంతా సర్దాక ఎత్తినట్లే ఇది.

గోడకు తగిలితే

బంతి 8 చుక్కల చదరం అనుకుందాం. దాని పై ఎడమ మూల 100, 50 స్థానంలో ఉంది. అడుగడుగుకూ కుడికి 4, కిందికి 3 చుక్కలు కదలాలి. తరవాతి స్థానం 104, 53. ఆ తరవాత 108, 56. తెర ఎత్తు 200 కాబట్టి, బంతి పై అంచు 192 వద్దకు రాగానే కింది అంచు నేలను తాకుతుంది. అప్పుడు కిందికి 3 అనే అడుగును పైకి 3గా మార్చితే బంతి ఎగిరి వస్తుంది.

"స్థానం సరిగ్గా 192 అయితే అడుగు మార్చు" అని ప్రోగ్రాం రాస్తే ఏమవుతుంది? లెక్కిస్తే తెలుస్తుంది. 50తో మొదలై మూడేసి చొప్పున పెరిగితే 47వ అడుగుకు 191, 48వ అడుగుకు 194 వస్తాయి. 192 ఎన్నడూ రాదు. బంతి నేలను దాటి మాయమవుతుంది. తప్పు యంత్రానిది కాదు, మాటది. "192కు చేరినా, దాటినా అడుగు మార్చు" అని రాయాలి. కంప్యూటర్ చెప్పినదే చేస్తుంది గాని, చెప్పదలచుకున్నది ఊహించదు.

బ్యాటుకు తగలడం కూడా ఇటువంటిదే. బంతి అంచులు బ్యాటు అంచుల మధ్యకు వచ్చాయా అని ప్రతి అడుగులోనూ సరిచూడాలి. ఆల్కార్న్ బ్యాటును 8 భాగాలు చేశాడు. బంతి నడుమ తగిలితే నేరుగా, చివర తగిలితే ఏటవాలుగా తిరిగిపోతుంది. ఆ చిన్న మార్పుతోనే ఆటలో నేర్పుకు చోటు దొరికింది.

గళ్ల కాగితం చాలు

పైథాన్, స్క్రాచ్ వంటి భాషల్లో ఇటువంటి ఆటలు రాయవచ్చు. అయితే ఇంట్లో కంప్యూటర్ లేని విద్యార్థి ఆగిపోనక్కరలేదు. గళ్ల కాగితం, పెన్సిలు, బంతికి బదులు ఒక చింతగింజ చాలు. గింజను అడుగడుగుకూ జరుపుతూ, ప్రతి స్థానాన్నీ పట్టికలో రాయాలి. షరతులను ముందు తెలుగు వాక్యాలలో రాసుకోవాలి. 192 దగ్గర దొర్లిన తప్పు కాగితం మీద కూడా పట్టుబడుతుంది. కాగితం మీద సరిచూసినవాడికి కంప్యూటర్ ముందు కూర్చొనే అవకాశం కొద్దిసేపే దొరికినా ఆ సమయం వృథా కాదు.

పెద్ద ఆటతో మొదలుపెట్టినవారు తరచుగా మధ్యలో వదిలేస్తారు. ముందు ఒక చుక్క, తరవాత కదిలే బంతి, తరవాత గోడ, ఆ పైన బ్యాటు - ఒకటి పూర్తిగా పలికాకే రెండవది చేపట్టాలి.

అర్థాలు

నమూనా = మాదిరి
నిశ్చలం = కదలనిది
షరతు = నియమం
వృథా = వ్యర్థం

అభ్యాసం

1. తెర మీద బంతి కదులుతున్నట్లు ఎందుకు తోస్తుంది?
2. నేత నమూనాకు, తెర మీది బొమ్మకు ఉన్న పోలిక రాయండి.
3. తెర వెడల్పు 320, బంతి వెడల్పు 8. బంతి ఎడమ అంచు 300 వద్ద ఉంది. అడుగుకు 5 చొప్పున కుడికి కదిలితే ఎన్నో అడుగులో కుడి గోడను దాటుతుంది? "సరిగ్గా 312 అయితే" అని రాస్తే ఏమవుతుంది?
4. తగిలితే, అయితే - ఇటువంటి రూపాలు చేదర్థకాలు. చేరినా, దాటినా - ఇవి అప్యర్థకాలు. పాఠంలో ఇటువంటివి మరికొన్ని వెతికి, సొంత వాక్యాలలో వాడండి.
5. విడదీయండి: మొదలవుతుంది, ఏమవుతుంది.