మొదటి బేస్ వద్ద తీర్పు

ప్రశ్న: అమెరికాలో మా పిల్లల లిటిల్ లీగ్ బేస్‌బాల్ ఆటలకు స్వచ్ఛందముగా అంపైరింగ్ చేయుచున్నాను. మొదటి బేస్ వద్ద బంతియు బాలుడును ఒకేసారి వచ్చినట్లు తోచినపుడు నిర్ణయించుట ఎట్లు?

జవాబు: కంటికొక పని, చెవికొక పని అప్పగింపుడు. బంతి వచ్చు మార్గమునకు ఇంచుమించు లంబకోణమున, బేసునకు 15 అడుగుల దవ్వున నిలిచి, విసరు సరియైనదని గ్రహించిన పిదప చూపును బేసుమీద నిలిపి, పాదము దానిని తాకుటను కంటితోను, బంతి గ్లవ్‌లో పడు చప్పుడును చెవితోను ఏకకాలమున గ్రహింపవలెను. బేసుల నడిమి దూరము 60 అడుగులే గనుక ఇదంతయు రెప్పపాటులో ముగియును, అయినను తొందరపడకుడు. చిన్నవారి చేతులనుండి బంతి జారుట సాధారణము. ఫీల్డరు దానిని స్థిరముగా పట్టెనని చూచిన పిమ్మటనే పిడికిలి ఎత్తుడు. తప్పుతీర్పులలో పెక్కింటికి మూలము దృష్టిలోపముకాదు, త్వరయే యని నా దృఢాభిప్రాయము. బంతి ముందుగా చేరలేదని తోచెనా, చేతులు రెండును ప్రక్కలకు చాచి సేఫ్ అనుడు.